మీ జబ్బు మీకు తప్ప అందరికీ తెలుసు

రోగి వివరాలు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి సాఫీగా చేరడం లేదని ఢిల్లీ పెద్దలకు చాలాకాలంగా దిగులు. ఆ దిగులుతోనే 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టి, మనిషికో 14 అంకెల నంబరు ఇవ్వసాగారు. పాపం, అంత ఖర్చుకు దిగేముందు వాళ్లలో ఒక్కరైనా సామల్పట్టి స్టేషన్లో రైలు దిగి ఉంటే బాగుండేది. జోలార్‌పేట–సేలం లైన్లో, కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై దాపునున్న ఈ ఊళ్లో ఆ సమస్య ఎన్నడో తీరిపోయింది. ఇక్కడ రోగి సంగతి క్లినిక్ నుంచి మందులషాపుకు, మందులషాపు నుంచి టీకొట్టుకు, టీకొట్టు నుంచి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషికి, రోగి ఇల్లు చేరేలోగానే చేరిపోతుంది. సర్వరు అక్కర్లేదు. కరెంటు పోయినా ఆగదు. 14 అంకెలు కూడా దండగే, ‘ఆ మూలమొచ్చిన మామ’ అంటే చాలు.

ఈ ఏర్పాటు ఎట్లా నడుస్తుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఏ ఒక్క క్లినిక్ పేరూ ఎత్తను. ఎత్తితే తక్కినవాళ్లు ‘మేమేం తక్కువ చేసినాం’ అని నొచ్చుకుంటారు.

మొదటి మెట్టు టోకెన్ బల్ల. మామ అక్కడ నిలబడి, మెడ ముందుకు చాచి, గొంతు తగ్గించి, చెప్పాల్సింది చెబుతాడు. బల్ల వెనకున్న అక్కకు నోటుబుక్కులో రాసుకోవాలి గదా, సరిగా వినబడిందో లేదో రూఢి చేసుకోవాలి గదా. “ఏమప్పా, మూలమా? రక్తం పడతాందా? ఎన్నాళ్లనుంచి ఈ తొందర?” అని టీవీ చప్పుడును దాటించి అడుగుతుంది. అంతదాకా టీవీని చూస్తున్నవాళ్లంతా మామను చూడ్డం మొదలుపెడతారు. మన వైపు ఇంకో సౌకర్యం కూడా ఉంది. మామ ఇంట్లో మాట తెలుగు, డాక్టరుగారి మాట తమిళం. అందుకని అక్క అదే కబురును గది లోపలికి తమిళంలో మళ్లీ కేకేసి చెబుతుంది. తెలుగు రానివాళ్లకు అన్యాయం జరగకూడదు కదా.

రెండో మెట్టు డాక్టరుగారి గది. ఆయన సమయం విలువైనది కాబట్టి ఒకరిని చూస్తుండగానే తరువాతి ఇద్దరిని లోపలి బెంచీ మీద కూర్చోబెడతారు. మధ్యలో తెర ఉంటుంది. ఆ తెర కళ్లకే గాని చెవులకు అడ్డం కాదు. నెల తప్పిన పిల్ల, పెళ్లై ఏడేళ్లయినా కడుపు పండని కోడలు, రాత్రిళ్లు నిద్రపట్టక ఊరికే ఏడుపొస్తాంది అని చెప్పుకుందామని వచ్చిన తల్లి, అందరూ బెంచీ వైపు ఒకసారి చూసి “కడుపునొప్పి సార్” అంటారు. డాక్టరుగారు కడుపునొప్పికే మందు రాస్తారు. ఈ చుట్టుపక్కల కడుపునొప్పి ఇంత ఎక్కువగా ఎందుకుందని రేపెవరైనా పరిశోధనకు దిగితే, నీళ్లనూ మట్టినీ పరీక్షకు పంపనక్కర్లేదు, ఆ బెంచీని చూస్తే చాలు.

మూడో మెట్టు ల్యాబు. సాయంత్రానికి రిపోర్టులన్నీ ఒకే ట్రేలో కుప్పగా ఉంటాయి. “మీది చూసి తీసుకోండప్పా” అంటారు. మనది దొరికేలోపు ఊరందరి షుగరూ చదవక తప్పదు. చదివితే గుర్తుండకా తప్పదు. ఈ పద్ధతి పాతబడిందని కొందరు ఇప్పుడు వాట్సాప్‌లోకి మారినారు. మామ దగ్గరున్నది బటన్ల ఫోను, అందుకని అల్లుడి నంబరిస్తాడు. అల్లుడు భక్తిగా దాన్ని కుటుంబ గ్రూపులో పెడతాడు. వియ్యపురాలు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఆ వెంటనే తన చెల్లెలికి ఫోన్ చేస్తుంది.

నాలుగోది మందులషాపు. అక్కడ చీటీని పైకి చదవడం ఆచారం. షాపువాళ్ల దగ్గర ఆరా తీసి, ఏ డాక్టరు ఏ మందు ఎంత రాస్తున్నారో లెక్క రాసుకుపోవడం మందుల కంపెనీల ప్రతినిధులకు ఎప్పటినుంచో ఉన్న పని. దానికి ‘ఆర్‌సీపీఏ’ అని పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్లకు కావాల్సింది డాక్టరు పేరే గాని రోగి పేరు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మామ జబ్బు కంపెనీకి పేరు లేకుండా, ఊరికి పేరుతో సహా అందుతుంది.

ఇదేం పద్ధతి అని ఎవరైనా అడిగితే పాత పుస్తకాలు అడిగినవాళ్ల పక్షానే నిలబడతాయి. రోగి ఇంటి గుట్టు బయటపెట్టరాదని చరక సంహితలో గురువు శిష్యుడికి కట్టడి చేస్తాడు. కొత్త పుస్తకాలదీ అదే మాట. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం వైద్యుడు రోగి రహస్యం విప్పడానికి మూడే సందర్భాలున్నాయి. ఒకటి, న్యాయమూర్తి ఆదేశం. రెండు, ఫలానా మనిషికో సమాజానికో తీవ్రమైన ముప్పు. మూడు, క్షయ లాగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు. టీకొట్టు ఆ జాబితాలో లేదు. వియ్యపురాలు కూడా లేదు.

ఆ రెండో సందర్భం ఎంత బరువైనదో 1998లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో కనబడుతుంది. రక్తపరీక్షలో ఒకాయనకు హెచ్ఐవీ ఉందని తేలింది, ఆ సంగతి ఆసుపత్రి నుంచి బయటికి పొక్కింది, కుదిరిన పెళ్లి ఆగిపోయింది. తన గుట్టు రట్టు చేసినారని ఆయన న్యాయం అడిగినాడు. పెళ్లాడబోయే అమ్మాయి ప్రాణం కంటే ఆ గుట్టు గొప్పది కాదని కోర్టు తేల్చింది. అంటే నోరు విప్పినందుకు తప్పు లేదనిపించుకోవాలంటే ఒక ప్రాణం పణంగా ఉండాల్సి వచ్చింది. మనకు అంత పట్టింపు లేదు, టీ చల్లారేంత తీరిక దొరికితే చాలు.

అట్లాగని మనవాళ్లకు నోరు కట్టుకోవడం చేతకాదనుకుంటే పొరపాటు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చింది. స్కాన్ సెంటర్ గోడకు ఆ మేరకు బోర్డు కూడా ఉంటుంది. ఇన్ని సంగతుల్లో చివరికి తల్లికి కూడా చెప్పకూడదని చట్టం గట్టిగా కట్టడి చేసిన సంగతి ఇదొక్కటే. దాన్ని చెప్పడానికే దొంగచాటు స్కాన్లు నడిపిన ముఠాలు ధర్మపురి, కృష్ణగిరి వైపు పోలీసులకు దొరికిపోవడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. చెప్పకూడనిది డబ్బు తీసుకుని చెబుతారు, దాచాల్సింది ఉత్తపుణ్యానికే చెబుతారు. వ్యాపారంలో ఈ మాత్రం స్పష్టత ఉండాల్సిందే.

సర్కారు కూడా వెనకబడి లేదు. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని మొదలుపెట్టింది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగర్ మందులు ఇంటి గడపకే వస్తాయి. కూలిపని పోగొట్టుకుని ఆసుపత్రి దాకా నడవలేని ముసలివాళ్లకు అది నిజంగా మేలు, అందులో ఎగతాళికేమీ లేదు. మందు గడపకు వస్తే ఏ గడపకు ఏ మందు వచ్చిందో వీధికి తెలిసిపోవడం మాత్రం పథకంలో రాయని భాగం. కొవిడ్ రోజుల్లోనైతే ఆ గుట్టు కూడా మిగల్లేదు. హోసూరు దాటితే కర్ణాటక. అక్కడ 2020 మార్చిలో ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలను ప్రభుత్వమే బయటపెట్టింది. ఇళ్ల తలుపులకు పోస్టర్లు అంటించడం కూడదని, అధికారులు విపత్తు చట్టం కింద ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించరాదని సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబర్లో చెప్పింది. అప్పటికి అంటించాల్సినవన్నీ అంటించేసినారు.

ఇక టీకొట్టును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఎట్లుంటుందో సరిహద్దు అవతలి మన ఆంధ్రవాళ్లు చేసి చూపించినారు. అక్కడి ‘అన్న సంజీవిని’ జనరిక్ మందుల షాపులకు ఒక వెబ్‌సైటు ఉండేది. ఏ షాపులో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా అందులో ఎవరైనా చూసుకునేట్టుగా ఉందని 2018 జూన్‌లో పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టినారు. పడకగది మాత్రలు కొన్నవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. పాలన పారదర్శకంగా ఉండాలని మనమే గదా అడిగింది. మామ పరువు పోయింది సామల్పట్టి ఎల్లల లోపలే. వాళ్లది మాత్రం ఇంటర్నెట్ ఉన్నంత మేరా పోయింది.

తమిళనాడు ఇందులో ఇంకో మెట్టు ఎక్కి, సరుకుకు ధర కూడా కట్టింది. 2022 చివర్లో ఇక్కడి ఒక ఆసుపత్రికి చెందిన 1.5 లక్షల మంది రోగుల వివరాలను దొంగలు అంగట్లో పెట్టినారు. ఒక కాపీ కావాలంటే 100 డాలర్లు, ఇంకెవరికీ అమ్మకుండా మీకే ఇవ్వాలంటే 300, కొన్నాక మీరు మళ్లీ అమ్ముకుంటామంటే 400. అప్పటి మారకం లెక్కన 100 డాలర్లను 1.5 లక్షల మందికి పంచి చూడండి. తలకు ఆరు పైసలు కూడా పడదు. చింతపండు ధర పెరిగిందని సంతలో గొడవపడే మనం మన మూలవ్యాధి ధర ఇంత పడిపోయిందని ఒక్కరోజైనా అడిగినామా?

2024లో చెన్నైకి చెందిన స్టార్ హెల్త్ బీమా కంపెనీ వంతు వచ్చింది. 3.1 కోట్ల మందివని చెప్పిన వివరాలతో టెలిగ్రామ్‌లో చాట్‌బాట్లు వెలిసినాయి. అడిగినవాళ్లకు క్లెయిమ్ కాగితాలు, జబ్బుల వివరాలు అవి తీసి ఇచ్చినాయి. బీమా క్లెయిమ్ కోసం మనం కంపెనీకి ఫోన్ చేస్తే ఇది కావాలంటే రెండు నొక్కు, అది కావాలంటే మూడు నొక్కు అంటూ ఎంతసేపు నిలబెడతారో తెలుసు కదా. ఆ చాట్‌బాట్ ఎవరినీ అట్లా నిలబెట్టలేదు.

ఇంత జరిగితే చట్టం ఏం చేస్తోందంటారా? వచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసినారు, దాని నిబంధనలు 2025 నవంబర్లో వెలువడినాయి, ముఖ్యమైన కట్టుబాట్లు అమల్లోకి రావడానికి ఇంకో 18 నెలల గడువిచ్చినారు. సమాచారాన్ని కాపాడలేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వినగానే మామ ముఖం వెలిగింది, తన వాటా ఎంతని అడిగినాడు. ఏమీ లేదు మామా, జరిమానా సొమ్మంతా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పరువు పోయేది నీది, పరిహారం సర్కారుది. పైగా నువ్వు ఉత్తుత్తి ఫిర్యాదు చేసినావని తేలితే 10,000 రూపాయల దాకా నీ దగ్గరే వసూలు చేయడానికి కూడా అదే చట్టంలో వీలుంది. ఆరోగ్య రికార్డులు సున్నితమైనవని 2011 ఐటీ నిబంధనల్లో విడిగా చెప్పినారు. కొత్త చట్టంలో ఆ తేడా ఎత్తేసినారు. నీ మూలవ్యాధి, నీ ఈమెయిల్ చిరునామా దాని లెక్కలో సరిసమానం.

అదే చట్టంలో మన వైపు తెలుగువాళ్లకు ఒక మంచి మాట కూడా దాక్కుని ఉంది. నీ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో, వాటితో ఏం చేస్తారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేంట్లో గాని చదువుకునే వీలు రోగికి ఇవ్వాలి. ఆ 22లో తెలుగు ఉంది. ఇప్పుడు మామ సంతకం పెడుతున్నది ఇంగ్లీషు ఫారం మీద. ఎక్కడ పెట్టాలో అక్క పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూపిస్తుంది, అంతవరకే ఆయనకు తెలిసిన సమ్మతి. తెలుగు నోటీసు ఇవ్వమని సామల్పట్టి బల్ల ముందు ఒక్కరు అడిగిన రోజున ఆ అక్క నోట మొదటిసారి మాట రాకుండా పోతుంది.

ఇంతమందికి తెలిసిన మామ జబ్బు ఒకే ఒక్క మనిషికి దొరకదు. జబ్బు ముదిరి సేలం పొమ్మన్నప్పుడు మామ క్లినిక్‌కు వెళ్లి “నా కేసు షీటు ఇస్తావామ్మా?” అని అడుగుతాడు. “అది నీకెందుకప్పా? చదువుతావా నువ్వు?” అంటారు. డాక్టరుగారు లేరంటారు, బీరువా తాళం లేదంటారు, అట్లా బయటికి ఇవ్వకూడదంటారు. ఆ క్లినిక్ చరిత్రలో గోప్యత పాటించే ఘట్టం అదొక్కటే. నిజానికి 2002 నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలి, రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నవ్వులాటకు చెప్పే మాట కాదిది. ఊళ్లో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని దగ్గును నెలల తరబడి దాచుకునేవాళ్లు, దిగులు మందుల కోసం దూరపు ఊరికి రైలెక్కేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లు కొంటున్న టిక్కెట్టు వైద్యానికి కాదు, వైద్యుడి గదికి లేని తలుపుకు.

క్లినిక్ నడిపే అయ్యలకు, అమ్మలకు ఒక మనవి. లోపలి బెంచీని గుమ్మం బయటికి జరపండి. జబ్బు పేరు అడగాల్సింది బల్ల దగ్గర కాదు, లోపల. రిపోర్టును కవర్లో పెట్టి, అంటించి, ఆ మనిషి చేతికే ఇవ్వండి. వాట్సాప్‌లో పంపేముందు ఆ ఫోను ఎవరిదో అడగండి. దీనికి 14 అంకెల నంబరూ వద్దు, 250 కోట్ల భయమూ వద్దు. రోగులారా, మీరు కూడా బల్ల ముందు తల వంచుకుని నిలబడకండి. “లోపల చెబుతానక్కా” అనండి. కేసు షీటు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, తేదీ వేయించుకోండి, 72 గంటలు లెక్కపెట్టండి. జబ్బు మీదైనప్పుడు దాని కాగితమూ మీదే.