పాలకవరు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె.
కొమ్మ లేని గొలుసు కుదురుగా మడతలై
బింకమొంది నిలిచి బిందె యగును
కొమ్మలున్న గొలుసు కూడిక కుదరక
పట్టినంత వంగు పాలకవరు.

అవతారిక: ప్లాస్టిక్ బిందె, పాలకవరు రెండూ పాలిథీనేనని విన్న కవి, ఒకటి బిర్రుగాను మరొకటి మెతకగాను ఉండటానికి కారణమేమని విచారించి, దాన్ని అణువులోనే కనుగొని ఈ పద్యం చెబుతున్నాడు.

ప్రతిపదార్థం: కొమ్మ లేని = పక్కలకు చీలని; గొలుసు = ఇథిలీన్ అణువులు వేలకొద్దీ వరసగా కలవగా ఏర్పడిన పొడుగాటి అణువు; కుదురుగా = ఒకదాన్నొకటి ఆనుకుని; మడతలై = సుమారు 10 నానోమీటర్లకొకసారి వెనక్కి మళ్లి; బింకము ఒంది = స్ఫటికత్వం పొంది; నిలిచి = 130 డిగ్రీల సెల్సియస్ దాకా కరగక; బిందె అగును = హెచ్‌డీపీఈ (అధిక సాంద్రత పాలిథీన్) అగును; కొమ్మలు ఉన్న గొలుసు = వెయ్యి కార్బన్లకు 20, 30 చోట్ల పక్కకు మొలిచినది; కూడిక కుదరక = స్ఫటికంలో ఇమడలేక; పట్టినంత = వేలు తగిలీ తగలగానే; వంగు = లొంగే; పాలకవరు = ఎల్‌డీపీఈ (అల్ప సాంద్రత పాలిథీన్) పొర. 'అగును' అనే క్రియను రెండో పాదం నుంచి అధ్యాహారం చేసుకోవాలి. ఒకే క్రియతో రెండు సరుకులు దించాడు కాబట్టి కవి పొదుపరి.

తాత్పర్యం: పాలిమర్ గొలుసు చల్లబడేటప్పుడు తన మీద తానే మడతలు పడుతూ పలచని పలకగా పేరుకుంటుంది. ఈ మడతల సంగతిని 1957లో బ్రిస్టల్‌లో ఆండ్రూ కెల్లర్ బయటపెట్టాడు. చీరకు మధ్యమధ్యన కుచ్చులు కుట్టి ఉంటే మడత సరిగ్గా పడనట్లే, గొలుసుకు కొమ్మలుంటే పలక సాగదు. ఒక్క కార్బన్ కొమ్మ ఎలాగో ఇరుక్కుంటుంది గానీ, అంతకు పెద్దదాన్ని స్ఫటికం చాలావరకు వెలివేస్తుంది. అందువల్ల రెండు కొమ్మల నడుమ ఎంత నిడివి దొరికితే పలక మందం అంతకు లోబడే ఉండాలి. పలక పలచనైతే తక్కువ వేడికే కరుగుతుంది. ఎల్‌డీపీఈ 110 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. బిందెలో స్ఫటికభాగం నూటికి 60 నుంచి 80 పాళ్లు, పాలకవరులో సగం అటూ ఇటూ. సాంద్రతలో తేడా మాత్రం 0.95కు 0.92, అంటే నూటికి మూడు పాళ్లే.

శంక: కావ్యాల్లో కొమ్మ అంటే స్త్రీ కదా, ఇది శృంగారమేమో?
సమాధానం: కాదు. ఇందులో విరహం లేదు. ఉన్నది హైడ్రోజన్ అపహరణమొక్కటే. అధిక పీడనంలో గొలుసు పెరుగుతూ పెరుగుతూ, దాని కొస వెనక్కి తిరిగి అయిదో కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఇక పెరుగుదల ఆ అయిదో కార్బన్ నుంచి సాగుతుంది. వదిలేసిన నాలుగు కార్బన్లు కొమ్మగా మిగిలిపోతాయి. పక్క గొలుసు నుంచి లాక్కుంటే పుట్టేది పొడుగు కొమ్మ.

ఐతిహ్యం: 1933లో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ వారి ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు ఇథిలీన్‌ను బెంజాల్డిహైడ్‌తో కలిపి వెయ్యికి పైగా వాతావరణాల పీడనం కింద వేడిచేస్తే, అనుకున్నది రాకుండా మైనంలాంటి తెల్లటి పదార్థం తేలింది. అదే కొమ్మల పాలిథీన్. కొమ్మలు లేనిదాన్ని 1953లో జర్మనీలోని ముల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలను ఉత్ప్రేరకాలుగా వాడి, మామూలు పీడనంలోనే రప్పించాడు. 1963లో మరో రసాయనజ్ఞుడు నట్టాతో కలిసి నోబెల్ అందుకున్నాడు.

పూర్వపక్షం: అయితే కొమ్మ దోషమే. స్ఫటికాన్ని చెడగొట్టేది గుణమెట్లా అవుతుంది?
సిద్ధాంతం: ఆ మాట అనేవారు అర లీటరు కవరును ఒకసారి చేత్తో పట్టి చూడాలి. పాలతో కలిసి అటూ ఇటూ ఒరుగుతుంది, నలిపినా చప్పుడు చెయ్యదు. కూరగాయల కొట్టువాడిచ్చే పలచటి హెచ్‌డీపీఈ సంచి నలిపితే గరగరమంటుంది. స్ఫటికం తన ఉనికిని అలా చాటుకుంటుంది. పైగా ఎల్‌డీపీఈ తక్కువ వేడికే కరుగుతుంది గనుకనే యంత్రం క్షణంలో అంచులు అతికి సీలు వెయ్యగలుగుతోంది. కొమ్మలు లేని గొలుసును సాధించాక కూడా రసాయనజ్ఞులు ఊరుకోలేదు. బ్యూటీన్, హెక్సీన్, ఆక్టీన్ కాస్త కలిపి, రెండు, నాలుగు, ఆరు కార్బన్ల కొమ్మలను కొలిచి మరీ నాటుకున్నారు. దాని పేరు ఎల్‌ఎల్‌డీపీఈ. పాలకవరు పొరలో ఎల్‌డీపీఈతో అది కూడా కలుస్తుంది. దోషమైతే ఇంత ఖర్చుపెట్టి ఎవరూ తెచ్చుకోరు. కాబట్టి స్ఫటికం బిందెకు గుణం, స్ఫటికభంగం పాలకవరుకు గుణం.

అలంకారం: స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్లు చెప్పాడు, మరేమీ చెయ్యలేదు.

ఫలశ్రుతి: ఈ పద్యార్థం తెలిసినవారు సరుకు అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే కొమ్మలు దాదాపు లేనిదని, 4 ఉంటే ఉన్నదని అంగడిలో నిలబడి చెప్పగలుగుతారు. సాంద్రత ఒకటికి లోపే కనుక మురిక్కాలవలో పడితే రెండూ తేలతాయి. అక్కడ మాత్రం కొమ్మల భేదం పాటింపు లేదు.