నారింజ తీగకు ఇవతల: ఒక ఎలక్ట్రిక్ వ్యాను ఆత్మకథ

ఈ ఆత్మకథ నిస్సాన్ ఈ-ఎన్‌వీ200 అనే ఎలక్ట్రిక్ వ్యానుది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో 2014 నుంచి తయారైన రకమిది. 80 కిలోవాట్ల మోటారూ, నేల కింద ఒదిగిన 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పరిజ్ఞానమూ నిస్సాన్‌దే అయిన లీఫ్ ఎలక్ట్రిక్ కారు నుంచి వచ్చినవి. కథ చెబుతున్న బండి ఇంగ్లండులో కొన్నేళ్లు పార్సిళ్లు మోసి, ఆపైన ఒక వడ్రంగి చేతికి వచ్చింది. వారంటీ తీరిపోయింది కనుక దాని బాగోగులిప్పుడు ఆయన స్పానర్ల పెట్టె చేతిలోనే. (తన గురించి తానే ‘ఈ వ్యాను’ అని చెప్పుకోవడం మాన్యువల్ నేర్పిన మర్యాద.)

ఇంజిన్ ఆయిలు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్, సైలెన్సరు ఈ బండికి లేవు. అలాగని చాకిరీ తప్పదు. ముందుగా ముసలితనం వచ్చేది పెద్ద బ్యాటరీకి కాదు, బానెట్ కింద ఉండే మామూలు 12 వోల్టుల బ్యాటరీకి. కంప్యూటర్లు, లైట్లు, డోర్ లాకులు దానిమీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే కాంటాక్టర్లు పనిచేయాలన్నా అదే దిక్కు. అది నీరసిస్తే నేల కింద 360 వోల్టులున్నా బండి కదలదు. డాష్‌బోర్డు మీద ఒకదానితో ఒకటి పొంతనలేని హెచ్చరికలు వెలుగుతాయి. ఒక చలికాలం పొద్దున ఈ వ్యానుకు జరిగింది అదే. వడ్రంగి మల్టీమీటరు పెడితే 11 వోల్టులైనా లేవు. కొత్తది వేయగానే హెచ్చరికలన్నీ ఆరిపోయాయి. ఈ దశలోనే చాలామంది ఖరీదైన కంట్రోలర్లను అనుమానించి డబ్బు పోగొట్టుకుంటారు.

తర్వాతి సంగతి బ్రేకులు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే మోటారే జనరేటరై వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు పెద్దగా అరగవు. చిక్కంతా ఆ అరగకపోవడంతోనే. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వాడకం తగ్గిన డిస్కులకు తుప్పు పడుతుంది, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. బండిని స్టాండ్ల మీద నిలిపి, చక్రం విప్పి, పిన్ను లాగితే పాత గ్రీజు నల్లగా పిడచకట్టి ఉంటుంది. దాన్ని తుడిచి, తుప్పు గీకి, రబ్బరు తొడుగు చిరగలేదని చూసుకుని, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పూయాలి. తిరిగి దూర్చాక వేలితో నెడితే పిన్ను జారాలి. చేతికందిన మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేక్ ఆయిలు, కేబిన్ ఫిల్టరు, వైపర్లు ఏ బండికైనా ఉండే పనులే.

పెద్ద బ్యాటరీలో 192 సెల్‌లు ఉంటాయి. రెండేసి జతకట్టగా వచ్చిన 96 జతలు వరుసగా కలిసి ఉంటాయి. డాష్‌బోర్డులోని 12 గీతలు మిగిలిన సామర్థ్యాన్ని చూపుతాయి గాని, మొదటి గీత పోయేసరికే దాదాపు 15 శాతం తరిగిపోయి ఉంటుంది. అందుకే ఓబీడీ సాకెట్టులో బ్లూటూత్ అడాప్టరు గుచ్చి, ఫోన్‌లో లీఫ్‌స్పై యాప్ తెరుస్తారు. ఛార్జి నిండుగా ఉన్నప్పుడు ఒక్కో జత వోల్టేజీని చూపే 96 కడ్డీలూ ఒకే ఎత్తులో కనిపించవచ్చు. ఛార్జి అడుగంటాక మిట్ట ఎక్కిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది: ఈ వ్యానులో ఒకే ఒక కడ్డీ మిగతావాటికన్నా బాగా కిందికి పడిపోయింది. మిగిలిన 95 జతల్లో సత్తువున్నా, ఆ ఒక్కదాన్ని కాపాడటానికి కంప్యూటరు బండిని ఆపేస్తుంది.

సొంత మరమ్మతు ఇక్కడ ఆగాలి. నారింజ రంగు తీగలున్న చోటల్లా ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ ఊడదీశాక కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగడానికి కనీసం 10 నిమిషాలు ఆగాలి. చేతులకు 1000 వోల్టులు తట్టుకునే రబ్బరు గ్లోవ్స్ ఉండాలి. అప్పటికీ బ్యాటరీ పెట్టె లోపలి సెల్‌లలో కరెంటు ఉండనే ఉంటుంది. వడ్రంగి ఆ పనికి పూనుకోలేదు. హై వోల్టేజీ శిక్షణ ఉన్న వర్క్‌షాపువాళ్లు బ్యాటరీని కిందికి దించి, పాత లీఫ్ నుంచి తీసిన మాడ్యూలును (సెల్‌ల కట్టను) మిగతావాటి వోల్టేజీకి సరిచేసి, నీరసించిన దాని చోట బిగించారు. పోయిన గీతలు తిరిగి రాలేదు గాని, బండి మిట్టల మీద ఆగడం మానింది. బ్రిటన్‌లో బండ్లకు ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ వచ్చేలోగా సస్పెన్షన్ బుష్‌లు మార్చాల్సి ఉంది. ఆ పని వడ్రంగిదే.