బ్రూక్‌ఫీల్డ్‌లో డేటా స్వరాజ్యం

శనివారం మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే సాయంత్రం టీ వేళకి ఇంట్లో సొంత సర్వర్ లేస్తుందట. బెంగళూరు కుందలహళ్ళి గేటు నుంచి ఏఈసీఎస్ లేఅవుట్ దాకా అద్దెకుండే మన తెలుగు సాఫ్ట్‌వేర్ సంసారాల్లో ఈ మాట నమ్మినవాళ్ళు తక్కువేం లేరు. ఎస్పీ రోడ్డుకి వెళ్ళి ఏదో ఆఫీసు వదిలించుకున్న డెస్క్‌టాప్‌ని బేరమాడి తేవడం, దాన్లోంచి విండోస్ పీకేసి డెబియన్ వేయడం, ఇకనుంచి మా డేటా మా ఇంట్లోనే, గూగుల్‌కి మేం బానిసలం కాదని వాట్సాప్ గ్రూపులో చాటడం. వాట్సాప్ ఎవరిదని మాత్రం అడక్కండి.

కోపానికి కారణం లేకపోలేదు. గూగుల్ ఫొటోస్ ఏళ్ళ తరబడి ఎన్నయినా దాచుకోమంది, అందరికీ అలవాటయ్యాక 2021 జూన్ 1 నుంచి ఉచితం ఆపేసింది. 15 జీబీ దాటితే చందా కట్టాలి, వంద జీబీకి నెలకు 130 రూపాయలు. పిల్లాడి అన్నప్రాశన నుంచి అక్షరాభ్యాసం దాకా అన్నీ అక్కడే ఉండిపోయాక ఒళ్ళు మండదూ మరి! నా తగాదా ఆ మంటతో కాదు. పుట్టి బుద్ధెరిగి విండోస్ తప్ప ఇంకోటి ఎరగని మనిషి, ఇంటిల్లిపాది జ్ఞాపకాలూ తీసుకెళ్ళి నిన్న గాక మొన్న పరిచయమైన ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టి, దానికి స్వరాజ్యమని పేరు పెట్టుకోవడంతో. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ ఫిన్లాండ్ విద్యార్థి, ఇప్పుడు డెబియన్ లోపలుండే లినక్స్‌ని తను రాస్తున్నది సరదాకేననీ, పెద్దదేమీ కాదనీ చెప్పుకున్నాడు. రాసినవాడికి సరదా, ఇన్‌స్టాల్ చేసినవాడికి ఉద్యమం!

ఉద్యమం తొలి ఘట్టంలో నల్లటి తెర పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడితే చుక్కలు పడవు, కర్సర్ అంగుళం కదలదు. లినక్స్‌లో అది మామూలే, లోపల అక్షరాలు చేరుతూనే ఉంటాయి. మనవాడికి ఆ సంగతి తెలీదు. టీవీ రిమోట్‌లో బ్యాటరీలు పీకి కీబోర్డులో వేశాడు. అప్పటికీ చుక్క పడకపోయేసరికి ఎస్పీ రోడ్డు షాపువాణ్ణి తిట్టాడు.

తర్వాత ఎక్కడో ఒక్క లైను దొరుకుతుంది. ‘కర్ల్’తో మొదలై ‘సుడో బాష్’తో ముగిసే లైను. ముక్కూమొహం తెలియనివాడు రాసిన స్క్రిప్టుని దించుకుని, చదవకుండానే, సర్వాధికారాలతో నడిపించడం దాని పని. గూగుల్ నిబంధనలు చాంతాడంత ఉంటాయి, ఎవడు చదువుతాడని విసుక్కున్న మనిషి ఈ స్క్రిప్టు కూడా చదవలేదు. కాపీ కొట్టాడు, ఎంటర్ నొక్కాడు. అప్పటిదాకా కనీసం ఎవరు చూస్తున్నారో తెలిసేది.

మొత్తానికి సర్వర్ లేచింది. సోఫాలో కూర్చుని ఫోన్లో ఫొటోలు చూసుకుని మురిసి, ఒంగోల్లో ఉన్న అత్తగారికి లింకు పంపాడు. ‘ఏం రావట్లా బాబూ, గుండ్రంగా తిరగతా ఉంది’ అందావిడ.

ఆవిడ ఫోన్ తప్పు కాదు. ఐపీవీ4 చిరునామాలు ప్రపంచం మొత్తానికి కలిపి 430 కోట్ల లోపే. ఆసియా పసిఫిక్ దేశాలకి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర 2011 ఏప్రిల్‌కే మామూలు పంపకం ముగిసింది. అందుకని చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే చిరునామా వెనక బోలెడు ఇళ్ళను సర్దేస్తాయి. అపార్ట్‌మెంట్ అడ్రసుంది, గేటుంది, ఫ్లాటు నంబరే సెక్యూరిటీకి తెలీదు. పార్సిల్ గేటు దగ్గరే ఆగిపోతుంది. రౌటర్లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీ ఇల్లూ ఆ బాపతే. ఆ వరసని 2012లో ఇందుకోసమే పక్కన పెట్టారు. విడి చిరునామా కావాలంటే అదనంగా కట్టాలి. డబ్బు మిగల్చడానికి దిగినవాడు కడతాడా? క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళ ఉచిత టన్నెల్ పెట్టేశాడు. గూగుల్ ఉండేది మౌంటెన్ వ్యూలో, క్లౌడ్‌ఫ్లేర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో. మన స్వరాజ్యం కాలిఫోర్నియా దాటలేదు గానీ, సుమారు 60 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగింది.

ఇక మిగిలిన డబ్బు సంగతి. పాత డెస్క్‌టాప్ ఊరికే కూర్చుని 40 వాట్లు లాగుతుందనుకుందాం. రాత్రీ పగలూ నడిస్తే నెలకి 29 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున 170 పైచిలుకు. గూగుల్ అడిగింది 130. దీనికి తోడు కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి ఉంది, అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. పాత సగటు వాడకానికి కాస్త కలిపి, 200 యూనిట్లకు లోబడి కరెంటు ఉచితం. 200 దాటితే మొత్తం బిల్లు మన నెత్తినే. 175 దగ్గర హాయిగా కూర్చున్న ఇల్లు సర్వర్ పుణ్యమా అని 204కి ఎక్కింది. సిద్ధరామయ్య ప్రభుత్వం ఇచ్చిన వరాన్ని డెబియన్ మింగేసింది.

కరెంటు ఖర్చే కాదు, పోవడం కూడా ఉంది కదా. బెస్కాం తీసిన కరెంటుని అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునేలోగా సర్వర్ ప్రాణం పోతుంది. కరెంటు వచ్చాక తనంతట తాను లేవాలంటే ఆ సంగతి బయోస్‌లో ముందే చెప్పి ఉండాలి. లేచినా, ఎఫ్‌స్టాబ్ ఫైల్లో రాసిపెట్టిన యూఎస్‌బీ డిస్కు కనబడకపోతే నిమిషంన్నర చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. ఆ ముక్క చదవడానికి మానిటర్ లేదు. డబ్బా చంకనేసుకుని టీవీ దగ్గరికి నడవాలి, కార్టూన్ మధ్యలో పిల్లాడి ఏడుపు వినాలి. ఆయన ఐటీపీఎల్‌లో మీటింగ్‌లో ఉంటే ఆ భాగ్యం ఇల్లాలిది.

‘మీ కంపెనీలో ఇలా పడిపోతే ఎవరు లేపుతారండీ?’

‘ఆన్‌కాల్‌లో ఉన్నవాడు.’

‘వాడికి జీతమిస్తారా?’

జీతాలిచ్చే చోటే ఏం జరుగుతుందో చూశాం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్పులకి అయిదు రకాల ఏర్పాట్లున్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా పలకలేదు. ఆరు గంటల క్రితం కాపీ ఒకటి ఎవరో చేతితో తీసిపెట్టి ఉండబట్టి బయటపడ్డారు. అలాంటి కాపీ తీశావా అని మనవాణ్ణి అడిగితే, రెయిడ్ పెట్టానన్నాడు. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకోవడానికి ఉన్న ఏర్పాటది. మీరు పొరపాటున చెరిపితే రెండింట్లోనూ అంతే భక్తిగా చెరుపుతుంది. ఈ మాట వినడానికి ఆయనకి తీరిక లేదు. డెబియన్ చేతికి అలవాటవుతోంది కాబట్టి విసుగొచ్చిందట, వచ్చే శనివారం ఫ్రీబీఎస్‌డీ వేస్తాడట. దానికి డిస్కులు ఖాళీ చేయాలి.

‘మరి ఫొటోలు?’ అన్నాను.

‘తాత్కాలికంగా మా ఆవిడ గూగుల్ డ్రైవ్‌లో పెట్టా. తను చందా ఆపనే లేదట, నిన్ననే తెలిసింది.’