పోర్ట్ సీసా తెరవడానికి పెళ్లి దాకా ఆగకండి

ఈ మాట పెద్దలకు రుచించదని తెలుసు. ఇంగ్లండులో కలిగిన కుటుంబాలు బిడ్డ పుట్టిన ఏటి వింటేజ్ పోర్ట్ అనే పోర్చుగీసు వైన్ కొని నేలమాళిగలో దాచేవి. బిడ్డకు 21 ఏళ్లు నిండినప్పుడు తెరవాలని లెక్క. ఆ రోజు దాటితే పెళ్లికని, పెళ్లి దాటితే మనవడికని వాయిదా వేస్తూ పోతారు. ఈలోగా బిరడా నీరసిస్తుంది, సీసాలో మట్టం దిగుతుంది. తీరిక దొరికిన మామూలు సాయంత్రం, నలుగురు మనుషులు చాలు. పెళ్లి సందడిలో ఆ రుచి ఎవరికి తెలుస్తుంది?

దుమ్ము పట్టిందని సీసాను కడగొద్దు. పాత సీసాల మీద ఒక పక్క తెల్లరంగు మరక ఉంటుంది. పడుకోబెట్టినప్పుడు పైకి ఉండాల్సిన వైపుకు అది గుర్తు. వింటేజ్ పోర్ట్‌ను ద్రాక్ష కోసిన రెండు మూడేళ్లకే, వడకట్టకుండా సీసాల్లో నింపుతారు. అందుకే దశాబ్దాల మడ్డి ఆ మరకకు ఎదురువైపు గాజుకు పట్టి ఉంటుంది. అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీస్తే అంతా లేస్తుంది. ఒకటి రెండు రోజుల ముందే నిలబెట్టి వదిలేయండి.

బిరడా మాత్రం లాగొద్దు. మెడ విరిచేయండి! పిచ్చి సలహా అనుకోకండి, పోర్చుగల్‌లో దీనికోసం ప్రత్యేకంగా పటకారే ఉంది. దాని కొసను ఎర్రగా కాల్చి, బిరడాకు కాస్త కింద మెడ చుట్టూ ఒక నిమిషం పట్టి ఉంచాలి. తీసిన వెంటనే చన్నీళ్లలో తడిపిన గుడ్డను అదే చోట అద్దితే టక్కుమని గాజు చుట్టూరా తెగుతుంది. బిరడాతో సహా మెడ ఊడి వస్తుంది. 1963 నాటి సీసాలో కార్క్‌స్క్రూ దింపితే బిరడా పొడిపొడిగా వైన్‌లో రాలొచ్చు. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. మొదటిసారి మాత్రం చేయి తిరిగినవాళ్ల దగ్గర చూసి నేర్చుకోండి.

తర్వాత, గసి కదలకుండా నువ్వుల నూనె వంచుకున్నట్టు, పల్చటి గుడ్డలోంచి ఒకే ధారగా వంచండి. మెడ వెనక దీపం పెడితే మడ్డి రావడం కనిపిస్తుంది. అక్కడే ఆపాలి.

గాలి తగలాలని గంటల తరబడి వదిలేయడం పడుచు వైన్‌కు సరే. యాభై ఏళ్లదాన్ని అలా పెడితే ఉన్న కాస్త పరిమళమూ పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చిందా, మొహమాటపడకుండా పారబోసి ఇంకో సీసా తీయండి.

దాచిన తాతో తండ్రో ఉండగానే తెరవండి. మొదటి గ్లాసు ఆయనకివ్వండి.