నరికితే పోతుందన్నారు

మదనపల్లె వైపు గుట్టలు చూసినవాళ్లకు మా నేల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైన బండరాళ్లు, నడుమ సీతాఫలం చెట్లు, కింద వేరుశనగ చేలు, ఇంకా దిగితే వంక. ఆ వాలులో మాకున్న రెండెకరాల్లో సగం నాగజెముడు కమ్మేసింది. దాన్ని తీయడానికి మూడేళ్లు పట్టింది. మొదటి ఏడాది నలుగురి సలహాలు విని పనిచేశాం. తర్వాతి రెండేళ్లు ఆ పనిని సరిదిద్దుకోవడానికే సరిపోయాయి. అందుకే ఎవరు ఎంత ఆప్యాయంగా చెప్పినా వినకూడని సలహాలను ముందుగా ఇక్కడ రాస్తున్నాను. చెప్పినవాళ్లంతా నేలను నమ్ముకుని బతికినవాళ్లే. మిగతా కంపల విషయంలో వాళ్ల మాట నిజం కూడా. నాగజెముడు మాత్రం ఆ కంపల్లా చావదు.

మొదటి సలహా మా చిన్నాయనది. "మచ్చుకత్తి తీసుకొని నరికి పారేయ్ నాయనా. ఎండలకి అదే ఎండి చస్తాది."

నాగజెముడులో మనం ఆకు అనుకునేది ఆకు కాదు, నీళ్లు నింపుకున్న కాండం. చూడ్డానికి పాము పడగలా ఉంటుంది కాబట్టి పడగ అనే అందాం. పడగ మీద ముళ్లగుత్తి ఉన్న ప్రతి చోటా ఒక కన్ను ఉంటుంది. నేలకు ఆనిన వైపు ఆ కన్ను వేరు వేస్తుంది, పైకి ఉన్న వైపు కొత్త పడగ తొడుగుతుంది. తెగిన చోట చెక్కు కట్టి, లోపలి నీరు బయటికి పోకుండా మూసుకుంటుంది. ఎండకు ముడతలు పడుతుంది, రంగు మారుతుంది, చచ్చిందనే అనిపిస్తుంది. మట్టి తగలకుండా బండమీద పడి ఉన్నా నెలల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. మేము ఏప్రిల్‌లో ఐదు రోజులు నరికాం. జూన్ వానలయ్యాక పోయి చూస్తే, ఒక్క పొద ఉన్న చోట దాని చుట్టూ చిన్న చిన్న మొక్కలు నారు పోసినట్టు లేచి ఉన్నాయి. మచ్చుకత్తితో మేము చేసింది నాట్లు వేయడమే.

చదును నేలలో ఈ తప్పు అక్కడికక్కడే ఉండిపోతుంది. వాలులో అలా కాదు. నరికిన పడగ దొర్లుతుంది. దొర్లిందాన్ని మేకల కాళ్లు ఇంకొంచెం కిందికి నెడతాయి, వాన నీళ్లు వంకలో పడేస్తాయి, వంక దాన్ని ఎవరి గట్టునో ఆపుతుంది. మరుసటి ఏడాది కింది పొలం అక్క మా ఇంటికొచ్చింది. "మీ గుట్ట కడిగి మా గట్టు మీద పోసినారు గదయ్యా" అంది. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో అంది. ఆ మాట ఈరోజుకీ నన్ను వదల్లేదు.

నరకకుండా తీయడం కుదురుతుంది. నిదానం మాత్రం కావాలి. చిన్న మొక్కను గడ్డపారతో వేరుతో సహా పెకలించవచ్చు. దీని వేర్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. పెద్ద పొదను కణుపుల దగ్గర విడదీసి, పంగలకర్రతోనో పొడవాటి పట్టకారుతోనో ఒక్కో పడగను గంపలోకి ఎత్తాలి. రాలిన పండ్లు కూడా ఏరాలి. పండు లోపల విత్తనాలుంటాయి సరే, పండు తొక్క మీద కూడా కళ్లు ఉంటాయి, అవీ మొలుస్తాయి. ఏరినదాన్ని నడుము లోతు గుంతలో వేసి పూడ్చాలి. రాతినేలలో అంత గుంత తవ్వడం కుదరకపోతే చదునైన బండ మీద కుప్పవేసి, పూర్తిగా కుళ్లి ఎండేదాకా కనిపెట్టి ఉండాలి. కుప్ప అంచుల్లో పచ్చగా ఏది కనిపించినా తీసి మళ్లీ నడిమికి వేయాలి.

"కిందినుంచి మొదలుపెట్టు, ఎక్కేదానికి దారి అవుతాది" అన్నారు ఇంకొకరు. ఆ సలహాతో ఒక నెల కష్టం నీళ్లపాలైంది. శుభ్రం చేసిన చోటికే పైనుంచి మళ్లీ పడగలు దొర్లాయి. వాలులో పైనుంచి కిందికే రావాలి. పని మొదలుపెట్టే ముందు వాలుకు అడ్డంగా, కింది హద్దున మోకాలెత్తు రాళ్ల వరుస పేర్చుకోవాలి. దొర్లినవన్నీ అక్కడ ఆగుతాయి. పైన పని జరుగుతున్నంతసేపు కింద మనిషిని గానీ పశువును గానీ ఉండనివ్వకూడదు. కదిలేది పడగ ఒక్కటే కాదు, దాని వేరు పట్టుకున్న రాయి కూడా కదులుతుంది.

తగలబెట్టమనే సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. నాగజెముడు బరువులో ఎక్కువ పాలు నీళ్లే. నిప్పు పెడితే ముళ్లు మాడతాయి, పైతోలు కమురుతుంది, పొద నడిమి భాగం, మొదలు మిగిలిపోతాయి. మండేది చుట్టూ ఉన్న బోదగడ్డి. మట్టిని పట్టుకున్నది ఆ గడ్డే. అది పోయాక మొదటి గట్టి వానకు వాలు మీది మన్ను వంకలోకి దిగిపోతుంది. గడ్డికి నష్టం, జెముడుకు చోటు. కరువు రోజుల్లో మంటమీద ముళ్లు కాల్చి, ముక్కలు చేసి, ఎండుమేతతో కలిపి పశువులకు పెట్టేవాళ్లు. నిప్పుకూ నాగజెముడుకూ ఉన్న మంచి సంబంధం అదొక్కటే. దాన్నయినా ఒట్టిగా పెడితే పశువు పారుడుతో చిక్కిపోతుంది.

ఉప్పు చల్లమన్నవాళ్లున్నారు, కిరసనాయిలు పోయమన్నవాళ్లున్నారు. రెండూ నేలను చంపే పనులు. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

కలుపుమందు సంగతి వేరు. మందుతో చావదని నేను అనను. కొన్ని దేశాల్లో పడగకు రంధ్రం చేసి లోపలికి మందు ఎక్కించే పద్ధతి ఉంది. మనకు వచ్చే సలహా మాత్రం "పట్టపగలు గ్లైఫోసేట్ పైన కొట్టేయ్" అని. పడగ మీద మైనపు పూత ఉంటుంది, మందు నీళ్లు జారిపోతాయి. పైగా ఇది గాలి పీల్చే రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరిచే జాతి. ఎండలో కొట్టిన మందులో దానికి చేరేది తక్కువ, కింద ఉన్న గడ్డికీ వంక నీళ్లకూ చేరేది ఎక్కువ. గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పురుగు నివారణ సంస్థల వాళ్లే వాడాలని 2022లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. వీపున ట్యాంకు మోస్తూ నిటారు వాలులో కాలు జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

జేసీబీ పెట్టమనేవాళ్లకు కూడా ఇదే జవాబు. వాలులో అది ఒరిగే ప్రమాదం ఒకటి. బకెట్ కింద నలిగిన ప్రతి ముక్కా మొలకయ్యే ప్రమాదం ఇంకొకటి.

ముళ్ల విషయంలో నేను కాస్త ఆగాలి. ఇక్కడ దెబ్బ తినేది కూలికి వచ్చిన ఆడవాళ్లు. పొడుగాటి ముల్లు కంటికి కనబడుతుంది, దాన్ని చూసి జాగ్రత్తపడతాం. అసలు శత్రువు దాని మొదట్లో గుత్తిగా ఉండే నూగుముల్లు. అది వెంట్రుకంత సన్నం, కొస వెనక్కి తిరిగి ఉంటుంది, తాకితే చాలు వందలకొద్దీ దిగుతాయి. "తువ్వాలుతో గట్టిగా తుడిచేయ్" అనేది అందరూ ఇచ్చే సలహా. తుడిస్తే అవి విరిగి లోపలే ఉండిపోతాయి. ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుంటే కంట్లోకి పోతాయి. చిన్న పట్టకారుతో తీసినన్ని తీసి, మిగిలినచోట ఫెవికాల్ పలచగా పూసి, ఆరాక పొరలా లాగితే చాలావరకు వస్తాయి. గాలికి ఎదురుగా మొహం పెట్టి పని చేయకూడదు. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ పొద దగ్గరికి పంపకూడదు. తోలు తొడుగుల్లో కూడా నూగు దిగుతుంది, అందుకే చేతులకంటే కర్రలనే నమ్ముకోవాలి. పొదల మొదట్లో పాములూ తేళ్లూ చల్లదనానికి చేరతాయి. కర్రతో రెండు నిమిషాలు అలికిడి చేశాకే చేయి పెట్టాలి.

"జెముడంటే అన్నీ ఒకటే, కనిపించిందల్లా పీకేయ్" అన్నమాట కూడా తప్పే. బొమ్మజెముడు, ఆకుజెముడు మన నేలవే. గిల్లితే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ఎంతో ప్రమాదం. నాగజెముడుకు పాలు ఉండవు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. పాలు కారే జెముడు మన గుట్టల్లో ఎప్పటినుంచో తన చోట తాను ఉంది, దాని జోలికి పోకండి.

ఇక అన్నిటికంటే తియ్యగా వినిపించే సలహా పురుగుది. "పురుగుల్ని వదిలితే అవే తినేస్తాయంట" అంటారు. ఇందులో నిజం ఉంది కాబట్టే ఇందులో పొరపాటు కూడా పెద్దది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీకి ఎర్రరంగు కావలసి వచ్చింది. ఆ రంగునిచ్చే కాచినీల్ పురుగు జెముడు మీద బతుకుతుంది. అదే అనుకుని 1795లో బ్రెజిల్ నుంచి బెంగాలుకు ఒక పురుగును తెచ్చారు. తెచ్చింది వేరే జాతి. రంగు వ్యాపారం సాగలేదు గానీ, ఆ పురుగు ఒక రకం జెముడును తిని చంపేసింది. 1836 ప్రాంతంలో దాన్ని దక్షిణాదికి తెచ్చినప్పుడు ఇక్కడ కూడా ఆ రకం చచ్చింది. కానీ మన నాగజెముడును అది ముట్టలేదు. దాన్ని తినే ఇంకొక కాచినీల్ జాతి శ్రీలంక మీదుగా 1926లో వచ్చింది. ఐదారేళ్లలో దక్షిణాదిన దాదాపు 40,000 హెక్టార్ల నాగజెముడు దానికి బలైంది. ఈరోజు మన గుట్టల మీద మిగిలిన జెముడు ఆ పురుగునుంచి తప్పించుకున్నదీ, మళ్లీ లేచిందీ.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? చూడ్డానికి ఒకేలా తెల్లటి దూదిలా ఉన్న రెండు పురుగుల్లో ఒకటి ఒక జెముడునే తింటుంది, రెండోది ఇంకొకదాన్ని. ఎక్కడో దొరికిన పురుగును సంచిలో వేసుకొచ్చి వదిలితే మన పొదకు ఏమీ కాకపోవచ్చు. పక్క మండలంలో ఎవరో మేతకోసం పెంచుకుంటున్న ముళ్లులేని జెముడుకు పట్టవచ్చు. మొరాకోలో జనం పండ్లకోసం, మేతకోసం పెంచుకున్న జెముడు తోటల్లోకి 2014లో కాచినీల్ వచ్చింది, తోటలకు తోటలు ఎండిపోయాయి. ఆస్ట్రేలియాలో 2 కోట్ల 40 లక్షల హెక్టార్ల జెముడును అర్జెంటీనా నుంచి 1925లో తెచ్చిన చిమ్మట పురుగులు అణచిన మాట నిజం. అదే చిమ్మట 1989లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనిపించి, అక్కడి సొంత జెముడు జాతులకే ముప్పు తెచ్చిందన్నదీ నిజం. పురుగు వ్యవహారం శాస్త్రవేత్తల చేతుల్లో ఉండాలి, మన సంచిలో కాదు.

ఒకటి మాత్రం మనం చేయగలం. మన పొద మీదే తెల్ల దూది కనబడి, గిల్లితే ఎర్రగా కారితే, దాని మీద మందు కొట్టకండి. "తెగులొచ్చింది, సబ్బునీళ్లు చల్లు" అనే సలహా విని నేను ఒక పొదకు చల్లాను. మాకు పని చేసిపెడుతున్నదాన్ని నేనే చంపుకున్నాను. అలాంటి పొదను వదిలేసి పక్కదాన్ని తీయండి.

చివరిది మా ఇంట్లోవాళ్ల సలహా. "అంతా తీసేసి నేల అద్దంలా పెట్టండి." జెముడు కూడా మట్టిని పట్టుకునే ఉంది. అంతా ఒకేసారి తీస్తే ఆ మట్టికి దిక్కుండదు. మేము రెండో ఏడాదినుంచి వాలుకు అడ్డంగా పట్టీలుగా తీశాం. ఒక పట్టీ తీయడం, అక్కడ రాతికట్ట వేయడం, గడ్డి గింజలు చల్లి, కట్ట పైవైపు మేకలు ముట్టని సీతాఫలం నాటడం, తర్వాతే పక్క పట్టీ. పక్షులు, కోతులు పండ్లు తిని విత్తనాలు తెస్తూనే ఉంటాయి. నేలలో పడ్డ విత్తనం ఏళ్లు గడిచినా మొలుస్తుంది. అందుకే ప్రతి వానాకాలం తర్వాత ఒకసారి, పండు మాగకముందు ఒకసారి గుట్ట ఎక్కుతున్నాం. ఇద్దరు మనుషులు, ఒక పూట.

మీ గుట్టన ఈ పని మొదలుపెట్టేముందు కిందికి దిగి, వంక ఒడ్డున పొలం ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పిరండి. దొర్లిన పడగ కనిపిస్తే తీసి పెట్టమనండి, లేదా కబురు పెట్టమనండి. నేను చెప్పకుండా మొదలుపెట్టాను. ఆ అక్క గట్టు మీద ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు జెముడు ఏరుతున్నాను.