వాచుమేను ప్రశ్న: సటీకా తాత్పర్యం

ఆ.వె.
కారు మీద నెక్కి కదలెను సైకిలు
తొక్కువాడు లోన తోలుచుండె
ఎవరి నెవరు మోతు రీ తీరు యాత్రలో
వాచుమేను ప్రశ్న వదలదాయె

అవతారిక

ఈ చాటుపద్యం హైదరాబాదుకు పడమట, మణికొండలో ఒక అపార్టుమెంటు గేటు ముందు పుట్టింది. సెల్లారులో పుట్టిందని కొందరంటారు గాని అది పొసగదు. సెల్లారు ర్యాంపు నెత్తిన అడ్డంగా బిగించిన ఇనప కడ్డీ మీద "ఎత్తు 2.1 మీటర్లు" అని ఎర్ర పెయింటుతో రాసి ఉంది. సెడాన్ కారు ఎత్తు మీటరున్నర, దాని మీద నిలబెట్టిన సైకిలు ఇంకో మీటరు. ఆ సరంజామా ఆ కడ్డీ కింద దూరదు. కాబట్టి కవి ముందు కారును బయటికి తెచ్చుకుని, తరవాత సైకిలును లిఫ్టులో నిటారుగా నిలబెట్టి దింపి, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీకి ఎదురుగానే ఎక్కించి ఉండాలి. ఆ కడ్డీ ఇంకో అర మీటరు పైన ఉంటే తెలుగు సాహిత్యానికి ఈ పద్యం దక్కేది కాదు.

కాలనిర్ణయం సులువు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకును 2023 అక్టోబరు 1న తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో పాయ. పైన సోలారు పలకల పందిరి. తొక్కేవాడికి నీడ, గ్రిడ్డుకు 16 మెగావాట్ల కరెంటు. పద్యంలోని యాత్ర ఆ ట్రాకుకేనన్నది వ్యాఖ్యాతలందరూ ఒప్పుకున్న సంగతి గనక, పద్యం ఆ తేదీకి ముందుది కాజాలదు.

కవి పేరు తెలియదు. ఫ్లాటు నంబరు తెలుసు గాని అది చెప్పడం మర్యాద కాదు.

ప్రతిపదార్థం

కారు మీదన్ = కారు పైకప్పున బిగించిన ర్యాకునందు. ఎక్కి = తనంతట తాను ఎక్కక, కవి ఒక చేత్తోనూ వాచ్‌మన్ రెండు చేతులతోనూ పట్టగా ఎక్కి. సైకిలు = తొమ్మిది కిలోల బరువు గలదియు, పెట్టె ఇంటికి రాక కవిగారి ఆఫీసు అడ్రసుకు వచ్చినదియు నగు రోడ్డు సైకిలు. కదలెను = బయలుదేరెను.

ఈ "కదలెను" అన్నంత తేలిగ్గా కదలలేదు. ముందు చక్రం ఊడదియ్యాలి, ఫోర్కును ర్యాకు కొక్కేనికి తగిలించాలి, వెనక చక్రాన్ని పట్టీతో బిగించాలి, బిగించాక సైకిలును పట్టి ఊపి చూడాలి. ఊపితే కారంతా ఊగాలి గాని సైకిలు ఒక్కటే ఊగకూడదు. ఊడదీసిన చక్రం వెనక సీటులో పాత దుప్పటి మీద పడుకుంటుంది. దానికి సీటుబెల్టు కూడా పెడతాడని వాచ్‌మన్ కథనం.

చక్రం ఊడదియ్యడానికి పానా అక్కర్లేదు. ఇరుసుకున్న చిన్న మీట తిప్పితే చాలు. దీనికొక ఐతిహ్యం ఉంది. 1927లో ఇటలీలోని క్రోచె దౌనె కనుమ మీద మంచులో రేసు జరుగుతుంటే తుల్లియో కాంపన్యోలో అనే కుర్రవాడికి వెనక చక్రం తియ్యాల్సి వచ్చిందట. చేతులు కొయ్యబారి, చెవుల నట్టు తిరగక, రేసు చేజారిందట. ఆ ఉక్రోషంలోంచే ఈ మీట పుట్టిందని సైకిలు పురాణికులు చెబుతారు. మణికొండలో మంచు కురవదు. అయినా కవి మీట తిప్పినప్పుడల్లా ఈ కథ చెబుతాడు. వాచ్‌మన్‌కు ఇప్పుడు కంఠతా వచ్చు.

తొక్కువాడు = సైకిలు తొక్కెడు కవి. లోనన్ = కారు లోపల, ఏసీ యందు. తోలుచుండెన్ = నడుపుచుండెను.

శంక: తొక్కనివాణ్ని తొక్కువాడనడం ఎలా కుదురుతుంది? సమాధానం: వంటవాడు నిద్రపోతున్నా వంటవాడే. శాస్త్రంలో పాచకుడి దృష్టాంతం ఇందుకే ఉంది. కారులో కూర్చున్నా కవి నెత్తిన హెల్మెట్ తియ్యలేదు, ఒంటిని కరిచిపట్టుకున్న జెర్సీ వదల్లేదు, బండి స్టార్టు చేసేదాకా కాలికి ఇనప బిళ్ల బూట్లు తొడిగే ఉన్నాడు. ఆ బూట్లతో క్లచ్చు తొక్కడం ప్రమాదమని తెలిసి, తోలేటప్పుడు మాత్రం చెప్పులేసుకుంటాడు.

రెండో శంక దీనికన్నా గట్టిది. మణికొండ నుంచి నార్సింగికి ఎంతో దూరం లేదు. సైకిలు మీదే పోవచ్చుగదా? ఔటర్ మీద రెండు చక్రాల బండికి ప్రవేశం లేదు, 158 కిలోమీటర్ల పొడవునా అదే రూలు అని కొందరు సమాధానం చెప్పారు. ఇది తప్పించుకునే మాట. నార్సింగికి పోవడానికి ఔటర్ ఎక్కాల్సిన పనేముంది? కుక్కలని మరికొందరన్నారు. ఇందులో కొంత నిజముంది. తెల్లారగట్ట ఐదున్నరకు మణికొండ సందుల్లో కుక్కల సభ జరుగుతుంది. పిక్క తిరిగే లయ కంటబడిందో, సభ మొత్తం లేస్తుంది. వాటర్ ట్యాంకర్లున్నాయి, రాంగ్ సైడులో వచ్చే బండ్లున్నాయి. అయినా ఇవన్నీ పైపై కారణాలు.

అసలు కారణం మేము చెబుతాం. కవికి కారంటే కూడా ప్రాణమే. ఆటోమేటిక్ వద్దని, మాన్యువల్ గేరుదే కావాలని షోరూములో పట్టుబట్టి తీసుకున్నాడు. ఆ బండి సోమవారం నుంచి శుక్రవారం దాకా గచ్చిబౌలి ట్రాఫిక్‌లో మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఊగిసలాడుతుంది. ఆదివారం తెల్లారగట్ట ఒక్క గంట రోడ్డు ఖాళీగా ఉంటుంది. అప్పుడు దానికి నాలుగో గేరు చూపిస్తాడు. లోపల ఇంజన్ గొంతు మారుతుంది. ఆ కాసేపటి కోసం కారు, ఆ తరవాతి రెండు గంటల కోసం సైకిలు. ఏ ఒక్కదాన్ని ఇంట్లో వదిలినా కవికి పాపం చుట్టుకున్నట్టుంటుంది. పద్యంలో ఈ ముక్క ఎక్కడా లేదు. ధ్వని వల్ల తెలుసుకోవాలి.

ఎవరిన్ ఎవరు మోతురు

ఈ తీరు యాత్రలో = ఈ విధమైన ప్రయాణమునందు. ఎవరిన్ ఎవరు మోతురు = ఎవరిని ఎవరు మోయుచున్నారు? పద్యానికి ఆయువుపట్టు ఇదే.

పూర్వపక్షం: టన్ను బరువు గల కారు తొమ్మిది కిలోల సైకిలును మోస్తోంది, సైకిలు దిగాక డెబ్బై అయిదు కిలోల కవిని మోస్తుంది, కవి ఇద్దరి అప్పూ మోస్తాడు. లెక్క తేలిపోయింది, ప్రశ్నకు చోటే లేదు.

సిద్ధాంతం: ఇది ఆదివారం ఒక్కరోజు లెక్క. వంశం లెక్క చూడాలి. జనం వాడుకలో నిలిచిన గాలి టైరు ఎవరి కోసం పుట్టింది? 1887-88 ప్రాంతంలో డన్లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేశాడు. 1886లో బెంజ్ చేసిన బండికి ఉన్నవి సన్న చువ్వల చక్రాలు, అవి సైకిలు చుట్టాలే. 1896లో ఫోర్డు తొలి బండి నాలుగు సైకిలు చక్రాల మీదే లేచి నిలబడింది. మలుపులో రెండు చక్రాలు రెండు వేగాలతో తిరగాలి గదా, ఆ కిటుకుతో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1877లోనే ట్రైసైకిలు తిప్పాడు. ఓపెల్ వాళ్లు కార్ల కన్నా ముందు సైకిళ్లు చేశారు. మన రోడ్ల మీద తిరిగే స్కోడా వంశానికి మూలపురుషులు లారిన్, క్లెమెంట్ అనే ఇద్దరు. 1895లో సైకిళ్లతో మొదలుపెట్టి 1905కు గాని కారు దగ్గరికి రాలేదు. అంతెందుకు, అమెరికాలో మంచి రోడ్లు వెయ్యండని ముందుగా గోల పెట్టింది కార్లవాళ్లు కాదు, 1880లో సంఘం కట్టుకున్న సైకిళ్లవాళ్లు. రోడ్డు పడ్డాక కారొచ్చి, కాస్త జరగండని సైకిలును అంచుకు నెట్టింది.

కనుక కారు సైకిలును నెత్తిన పెట్టుకుని నార్సింగికి మోసుకుపోవడంలో వింతేమీ లేదు. శ్రవణకుమారుడు కావడిలో తల్లిదండ్రులను మోశాడు. ఇక్కడ కావడి రూఫు మీద ఉంది, అంతే తేడా. పితౄణం తీర్చుకుంటోంది, తీర్చుకోనివ్వండి.

ఈ సిద్ధాంతం విన్న వాచ్‌మన్ "సరే సార్, గేటు తియ్యాల్నా?" అన్నాడు.

గాలి విషయం

మూలంలో గాలి ప్రస్తావన లేదు. అయినా యాత్ర పెట్రోలు బంకులో ఆగి గాని సాగదు కాబట్టి చెప్పక తప్పదు.

కారు టైరుకు 33 psi చాలు. కవిగారి సైకిలుకు 90 కావాలి. బంకులో గాలి ఊరికే పడతారు గాని గాలి కుర్రాడి చేతిలో ఉన్న నాజిలు కారు వాల్వుకే పడుతుంది. సైకిలుది సన్నటి ఫ్రెంచి వాల్వు. మూతి మీదున్న బుల్లి నట్టును వేలిగోటితో రెండు చుట్లు వదులుచేసి, ఒకసారి నొక్కి "టిస్" మనిపించి, దాని మీద ఇత్తడి అడాప్టరు తిప్పి, అప్పుడు నాజిలు పెట్టాలి. కవి ఆ అడాప్టరును పర్సులో చిల్లర మధ్య పెట్టుకు తిరుగుతాడు. కూరలవాడికి రెండు రూపాయల బిళ్లనుకుని ఇవ్వబోయాడని వినికిడి. కుర్రాడు మాత్రం "అన్నా, ఇంత సన్న టైరుకు తొంభై ఎందన్నా, పేల్తది" అని అలవాటు ప్రకారం 35 దగ్గర ఆపేస్తాడు. మిగతాది కవి చేతి పంపుతో, బంకు పక్కనే, చెమటలు కక్కుతూ ఎక్కించుకుంటాడు. ఈ చెమట వ్యాయామం కిందకు వస్తుందా రాదా అన్నది వ్యాఖ్యాతలు ఇంకా తేల్చలేదు.

వాచ్‌మన్ సైకిలు మూడో శాఖకు చెందినది. అందులో వాల్వు ట్యూబు ఉంటుంది, వేలెడు కూడా లేని సన్న రబ్బరు గొట్టం. చివికితే గాలి నిలవదు. చొక్కా జేబులో ఒక ముక్క ఎప్పుడూ ఉంచుకుంటాడు. పాతది లాగేసి, కొత్తదాన్ని ఉమ్మితో తడిపి ఎక్కించి, రెండు పంపులు కొడితే పని అయిపోతుంది. ద్వైత, అద్వైత, విశిష్టాద్వైతాల వలె మూడు వాల్వులు, గాలి ఒకటే.

వాచుమేను

వాచుమేను ప్రశ్న = అపార్టుమెంటు కాపలాదారు అడిగిన మాట. అది మూలరూపంలో ఇలా ఉంది: "సైకిల్ తొక్కనీకి కారెందుకు సార్?" నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలు. "మేను"లోని "ను" తరవాత "ప్ర" వచ్చినా లఘువుగానే పలకాలి. గట్టిగా ఊది పలికితే గణం చెడుతుంది, వాచ్‌మన్ కూడా లేస్తాడు.

ఈయన్ను సామాన్య పాత్రగా చూడరాదు. పద్యంలో ఉన్న ఇద్దరిలో రోజూ సైకిలు తొక్కేది ఈయనొక్కడే. పాలమూరు వైపు పల్లెలో, సీటు అందని వయసులో, చట్రం సందులో కాలు దూర్చి కైంచి తొక్కుడు తొక్కి నేర్చుకున్నవాడు. ఇప్పటిది ఇరవై కిలోల నల్ల సైకిలు. బ్రేకులకు తీగలు లేవు, కడ్డీలున్నాయి. వెనక క్యారేజీ మీద పాల పాకెట్ల ట్రే. నలభై ఫ్లాట్ల పాలూ దాని మీదే వస్తాయి. కుక్కలు ఈయన్ను చూసి మొరగవు.

కవి ఒకసారి ఆ సైకిలు చైను చూసి ఉండబట్టలేక, కిరసనాయిలూ పాత టూత్‌బ్రష్షూ తెచ్చి లింకు లింకూ తోమాడు. ఎన్నేళ్లదో ఆ జిడ్డు, నల్లటి ముద్దగా ఊడొచ్చింది. గోళ్ల సందుల్లో దూరిన మసి మర్నాడు ఆఫీసు మీటింగు దాకా వదల్లేదు. వాచ్‌మన్ రెండు రోజులు తొక్కి చూసి, "చప్పుడు బంద్ అయింది సార్, పాలొచ్చినయని ఎవ్వరికి తెలుస్తలేదు" అని ఫిర్యాదు చేశాడు. ఆ తరవాత బెల్లు కొనిచ్చారు.

వదలదాయె = విడువలేదు. ఎవరిని? కవిని. ట్రాకు మీద ఇరవై మూడు కిలోమీటర్లు తొక్కినా, పందిరి కింద ఎండ తగలకపోయినా, తిరిగొచ్చేటప్పుడు ఇడ్లీ పార్సిలు కట్టించుకున్నా విడువలేదు.

అలంకారం: విరోధాభాసం. తొక్కువాడు తోలుచుండెననడంలో పైకి విరోధం కనిపిస్తుంది, చెప్పుల సంగతి తెలిస్తే పోతుంది. స్వభావోక్తి అని వాచ్‌మన్ మతం.

తాత్పర్యం: కారెక్కిన సైకిలుతో ఒకడు పోతున్నాడు. గేటు తీసినవాడు ఒక మాట అడిగాడు.

పాఠాంతరాలు

కొన్ని ప్రతులలో చివరి పాదం "ఇంటి యామె ప్రశ్న వదలదాయె" అని ఉంది. గణాలు సరిపోయినా "ఇ"కీ "వ"కూ యతి చెల్లదు. అందుచేత ఈ పాఠాన్ని త్రోసిపుచ్చాం. ఆ మాట కవిగారి భార్యకు తెలియజేయగా, ఆవిడ ఇడ్లీ పార్సిలు విప్పుతూనే, కాగితం అడక్కుండా ఇంకో పాఠం చెప్పారు:

ఇంటివారి ప్రశ్న యీయెమైయె

పరిశీలించాం. అయిదూ సూర్యగణాలే. "ఇ"కి "ఈ"తో యతి నిక్షేపంలా కుదిరింది. కారుదా, సైకిలుదా అన్న విషయంలో శ్లేష కూడా ఉంది. దీన్ని కాదనడానికి వ్యాకరణంలో గాని ఛందస్సులో గాని మాకు దారి దొరకలేదు. కవి అభ్యర్థన మేరకు ఈ పాఠాన్ని వచ్చే నెల 5వ తేదీ దాకా పరిశీలనలో ఉంచాం.