గేరు వెయ్యడం వచ్చాకే ఆటోమేటిక్

ఇప్పుడు కారు కొనడానికి వెళ్లినవాళ్లు షోరూములో కూర్చోగానే అడిగే మొదటి మాట "ఆటోమేటిక్ ఉందా?" అని. ఇంజను సత్తా ఎంత, ఐదుగురు ఎక్కితే ఘాట్ రోడ్డు లాగుతుందా అన్నవి తర్వాతి సంగతి. ఎడమ కాలికి పని తప్పితే చాలు, లక్ష ఎక్కువైనా ఇచ్చేస్తారు. అలా కొన్న కుర్రాణ్ణి "సెకండ్ గేరు ఎప్పుడు వెయ్యాలిరా?" అని అడగండి. "అదంతా బండే చూసుకుంటుంది తాతయ్యా" అంటాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా రోజుల్లో కారంటే అంబాసిడర్, కాదంటే ఫియట్. ఆ ఫియటే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. ఆ కార్లకు గేర్ రాడ్ కింద ఉండేది కాదు, స్టీరింగ్‌కు ఎడమ పక్కన ఉండేది. ముందు పొడుగాటి ఒకటే సీటు, డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరు సర్దుకునేవాళ్లు. రాడ్ ఎటు లాగితే ఏ గేరు పడుతుందో చూసి తెలుసుకునేది కాదు, చేతికి పట్టుబడాల్సిందే. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక కింద గేరు ఇంటింటికీ అలవాటైంది. అది నడిపినవాళ్లకే గేరు వేయడం ఇంత తేలికా అనిపించింది. ఇప్పటివాళ్లకు అదీ బరువైపోయింది!

పాత జీపుల్లో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ ఉండేది కాదు. బండి కదులుతుండగా వేయబోతే పళ్లు గరగరమనేవి. లారీల మీద చెయ్యి తిరిగినవాళ్లు డబుల్ క్లచ్ కొట్టేవాళ్లు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి ఇంజనును ఒక్కసారి రేజ్ చేసి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవాళ్లు. ఇదంతా రెప్పపాటులో అయిపోయేది. నాకు నేర్పినాయన క్లీనరుగా చేరి డ్రైవరైన మనిషి. "మీటరు చూడకు అబ్బాయ్, ఇంజను ఏమంటోందో విను" అనేవాడు. ఇంజను మూలిగితే కింది గేరు, అరిస్తే పై గేరు. అలా నేర్చుకున్నవాడికి బండిలో ఏ రోగం మొదలైనా ముందు చెవికే తెలుస్తుంది.

ఈ విద్య విలువ ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు, రెండోది 1974లో. కొత్తదాని మీద ఎక్కుతాం, పాతదాని మీద దిగుతాం. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని మా పెద్దలు చెప్పేవాళ్లు. కింది గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు సగం పని తగ్గుతుంది. ఇప్పుడు 'డి'లో పెట్టి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుకుంటూ దిగుతున్నారు. కాసేపటికి బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. అప్పటికీ ఆగకపోతే పెడల్ ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. అరకు ఘాట్‌లోనైనా, మారేడుమిల్లి దారిలోనైనా ఇదే వరస. ఆటోమేటిక్ కార్లలోనూ 'ఎల్' అనో, మాన్యువల్ మోడ్ అనో కింది గేరు పట్టి ఉంచే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. అది ఎందుకుందో తెలిసినవాళ్లు ఎంతమంది?

మన దగ్గర సామాన్యుడికి ఆటోమేటిక్ అందుబాటులోకి వచ్చింది 2014లో, సెలెరియోతో. దాన్ని ఏఎంటీ అంటారు. అసలు సంగతేమిటంటే, దాని లోపల ఉండేది మామూలు గేరు బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన కాలూ చెయ్యీ చేసే పని యంత్రం చేస్తుంది, అంతే. ఫ్లైఓవరు ఎక్కే చోట ట్రాఫిక్ ఆగితే, బ్రేకు వేయకుండా ఎక్సలేటర్ మీదే బండిని నిలబెడుతుంటారు. లోపల క్లచ్ ప్లేటు రాసుకుని రాసుకుని అరిగిపోతుంది. హాఫ్ క్లచ్ మీద కాలు పెట్టి నేర్చుకున్నవాడు ఆ పని చచ్చినా చెయ్యడు, ప్లేటుకు ఏమవుతుందో వాడికి తెలుసు కాబట్టి.

ఇంకో ముఖ్యమైన మాట. మామూలు కారులో కొత్తవాడు కంగారుపడితే రెండు కాళ్లూ బిగదీస్తాడు. బ్రేకుతో పాటు క్లచ్ కూడా పడుతుంది, ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది. ఆటోమేటిక్‌లో ఆ అడ్డు లేదు. బ్రేకు అనుకుని ఎక్సలేటర్ తొక్కితే కారు నేరుగా ఎదురుగోడలోకి పోతుంది. బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, చాలా ఆటోమేటిక్ కార్లు వాటంతటవే ముందుకు పాకుతాయి. అపార్టుమెంటు సెల్లార్లలో పిల్లలు ఆడుకుంటుంటారు, అది మరవకండి.

బ్యాటరీ దిగిపోతే మేం దారినపోయే నలుగుర్ని పిలిచేవాళ్లం. సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టి, బండి ఊపందుకోగానే క్లచ్ వదిలితే ఇంజను అందుకునేది. టార్క్ కన్వర్టరు, సీవీటీ రకం ఆటోమేటిక్ బండ్లను ఊరంతా కలిసి తోసినా లాభం లేదు. ఇంజను తిరిగితే గానీ లోపలి పంపు ఆయిల్ ఒత్తిడి ఇవ్వదు. అందుకే చెడిపోయిన ఆటోమేటిక్‌ను తాడు కట్టి ఈడ్చుకెళ్లకూడదు, లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఎడమ కాలు సహకరించనివాళ్లు, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో రోజూ గంటలకొద్దీ క్లచ్ తొక్కలేక అలిసిపోయేవాళ్లు ఆటోమేటిక్ కొనుక్కుంటే నేనెందుకు కాదంటాను? అమెరికాలో ఉండే మన పిల్లలకు దొరికేవే అవి. అక్కడ ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు 1940 మోడల్ కార్లకే హైడ్రామాటిక్ గేరు బాక్సు పెట్టి అమ్మారు. కానీ ఆ పిల్లలే సెలవులకు ఇంటికొచ్చి, రాత్రివేళ నాన్నకు గుండెనొప్పి వస్తే, వాకిట్లో ఉన్న కారు తియ్యలేక అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చోవాల్సి వస్తే? గేరు బండి నేర్చుకున్నవాడు ఏ కారైనా నడుపుతాడు. ఆటోమేటిక్ మాత్రమే వచ్చినవాడికి సగం కార్లు పరాయివే.

మన చట్టం మోటారు సైకిలుకు గేరు ఉన్నదానికి వేరుగా, లేనిదానికి వేరుగా లైసెన్సు ఇస్తుంది. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా లేదు, అన్నీ తేలికపాటి వాహనాలే. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష పాసైనవాళ్లు ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. ఆ నియమం మనకూ రావాలి. అది వచ్చేదాకా తల్లిదండ్రులకు నాదొక్కటే విన్నపం: పిల్లలకు గేరు బండి మీద నేర్పించండి. ఎత్తు మీద ఆపిన కారును వెనక్కి జారనివ్వకుండా ముందుకు తియ్యడం వచ్చాక, మీకు నచ్చిన ఆటోమేటిక్ కొనివ్వండి.